ఉడికించిన స్పాంజి

మా పిన్నిని ఇంట్లో అందరూ ఫినాయిలు పిన్ని అంటారు. ఎదురుగా అనే ధైర్యం ఒక్క బాబాయికే ఉంది. ఆయన కూడా ఆవిడ స్నానాలగదిలో ఉన్నప్పుడే, అదీ కుళాయి చప్పుడు చూసుకుని అంటాడు.

పిన్ని ఇరవై నాలుగేళ్ళు ఆసుపత్రిలో పనిచేసింది. డాక్టరు కాదు, నర్సూ కాదు. ఆపరేషన్ గది వెనక ఒక ఇరుకు గదిలో ఆవిడ రాజ్యం. రక్తం అంటిన కత్తెరలు, పటకార్లు ఒక వైపు నుంచి వచ్చేవి. పిన్ని వాటిని సన్న బ్రష్షుతో సందుసందునా తోమి, ఆరబెట్టి, గుడ్డలో మూటకట్టి, ఆవిరి యంత్రంలో పెట్టేది. మూటకి అంటించిన టేపు మీద గీతలు వేడికి నల్లబడితేనే ఆ మూట రెండో వైపు నుంచి బయటికి వెళ్ళేది. గీత సగమే నల్లబడిందని ఒకసారి పెద్ద డాక్టరునే అరగంట కూర్చోబెట్టింది. ఆయన ఎగిరెగిరి పడితే, "మీ కోపానికి క్రిములు చావవు సార్" అందట. నా పనిముట్ల వల్ల ఒక్క మనిషికీ చీము పట్టలేదు అని ఇప్పటికీ చెప్పుకుంటుంది. ఆ మాట అబద్ధం కాదు.

ఉద్యోగం మానేశాక ఆ ఆవిరంతా ఇంటి మీద పడింది. గ్యాసుపొయ్యి మీటలు ఊడదీసి ఉడికించేది. టీవీ రిమోటుకి ప్లాస్టిక్ తొడుగు. రెండు వీధుల అవతల నుంచి నేను వెళ్తే, కాళ్ళు కడుక్కున్నాకే పలకరింపు.

బాబాయి ముప్పై ఏళ్ళు బస్సు నడిపాడు. ఒక కోడిపిల్లని కూడా తొక్కలేదు. ఆయనకున్న ఒకే ఒక వ్యసనం చేపల తొట్టి. అందులో ఒకే చేప, నారింజరంగుది, అరచేయంత. ఏడేళ్ళ నుంచి ఉంది కాబట్టి దాన్ని పెద్దాయన అనేవాడు. పొద్దున్నే పేపరు చదివి, అందులో డ్రైవర్ల తప్పులేమన్నా ఉంటే పెద్దాయనకి చెప్పేవాడు. అది నోరు తెరిచి మూసేది. "చూశావా, ఒప్పుకుంటున్నాడు" అనేవాడు.

పాత తొట్టి మూల కారడం మొదలుపెట్టింది. బాబాయి మూడడుగుల కొత్త తొట్టి కొన్నాడు. చేపల కొట్టాయన ఇంటికొచ్చి దాన్ని బల్ల మీద పెట్టి, వెళ్తూ ఒక విషయం నాలుగుసార్లు చెప్పాడు.

"తొట్టి కొత్తదైతే చేపకి గండమండీ. చేప విసర్జించిందంతా నీళ్ళలో విషమవుతుంది. ఆ విషాన్ని తినేసే క్రిములు కొత్త తొట్టిలో ఉండవు. వాటంతటవి పుట్టి కుదురుకోవాలంటే నెలన్నర పడుతుంది. మీకా బాధ లేదు. పాత ఫిల్టర్లో స్పాంజి ఉంది కదా, అవన్నీ దాన్లోనే కాపురం ఉన్నాయి. దాన్ని కడక్కుండా, ఆరనివ్వకుండా తెచ్చి కొత్తదాన్లో పెట్టేయండి. పాలకి తోడు వేసినట్టు."

పిన్ని వింటూనే ఉంది. కొట్టాయన వెళ్ళాక, "క్రిములకి కాపురమట" అని నవ్వింది కూడా.

మర్నాడు బాబాయికి కంటి డాక్టరు దగ్గర పరీక్ష. అప్పటికే రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరాయి. ఒంట్లో చక్కెర తగ్గితే గానీ ఆపరేషన్ చేయం అన్నారు. వెళ్తూ వెళ్తూ పెద్దాయన ఉన్న బకెట్టు పక్కనే, పాత నీళ్ళతో ఉన్న ఇంకో బకెట్టు చూపించాడు.

"స్పాంజి ఇందులో ఉంది. దాని జోలికి మాత్రం వెళ్ళకు."

పిన్ని వెళ్ళింది. గోధుమరంగు బురద, చేత్తో పట్టుకుంటే జారే జిగురు, చెరువుకంపు. ఇరవై నాలుగేళ్ళ చేతులు ఊరుకోలేదు. నీళ్ళు తేటగా వచ్చేదాకా పిండింది, సబ్బు పెట్టింది, కుక్కర్లో పెట్టి మూడు విజిళ్ళు రానిచ్చింది. చల్లారాక మళ్ళీ అదే బకెట్టులో వేసేసింది. "శుభ్రంగా ఉంటే చేపకే మంచిది కదా అనుకున్నానే" అని తర్వాత నాతో అంది. కాసేపాగి, "కాదులే. మురికికి నేను కాపలా ఉండటమేంటి అనిపించింది" అంది.

బాబాయి వచ్చి, మసకకళ్ళతో ఆ స్పాంజి తీసి కొత్త ఫిల్టర్లో పెట్టాడు. కుళాయినీళ్ళలోని క్లోరిన్ మందు విరిగే చుక్కలు కొలిచి వేశాడు. పెద్దాయన్ని వదిలాడు. మూడో రోజుకి చేప పైకొచ్చి, మూతి నీళ్ళ పైన పెట్టి గుటకలు వేయడం మొదలుపెట్టింది. బాబాయి దగ్గర నీళ్ళ పరీక్ష సామగ్రి ఉంది. గాజుగొట్టంలో తొట్టినీళ్ళు పోసి, సీసాలోని చుక్కలు కలిపి ఊపితే రంగొస్తుంది. పసుపైతే విషం లేనట్టు, ఆకుపచ్చకి తిరిగేకొద్దీ ఉన్నట్టు. బాబాయి ఊపి చూశాడు, పసుపే. నాలుగో రోజూ పసుపే. కొత్తచోటు కదా, బెంగ పెట్టుకుందేమో అన్నాడు. అయిదో రోజు పొద్దున పెద్దాయన పక్కకి ఒరిగి తేలుతోంది.

బాబాయి సీసాడు నీళ్ళు పట్టుకుని కొట్టుకి వెళ్ళాడు. కొట్టాయన అక్కడే పరీక్ష చేసి, గొట్టం ఎత్తి చూపించి, "ఇది పసుపెలా అయిందండీ? ఆకుపచ్చ, అదీ ముదురు! మొదటిరోజే చూసి సగం నీళ్ళు మారిస్తే బతికేది" అన్నాడట.

ఆ మాటతో బాబాయి ఇంటికొచ్చి కుర్చీలో కూలబడ్డాడు. శుక్లాల కళ్ళకి లోకమంతా పసుపుగా ఉందని ఆయనకి అప్పుడే తెలిసింది. "నేనే చంపేశాను. కళ్ళెదురుగా గుటకలేస్తుంటే, బాగానే ఉందని చెప్పాను దానికి" అన్నాడు.

పిన్ని తేలు కుట్టిన దొంగలా వంటింట్లో నిలబడిపోయింది.

ఆ సాయంత్రమే మా ఇంటికొచ్చింది. కాళ్ళు కడుక్కోకుండా లోపలికొచ్చింది. అది చూసే ఏదో కొంప మునిగిందనుకున్నాను. అంతా చెప్పింది. నేను మొదట కుక్కరు మాట దగ్గర నవ్వాను, ఆ పాపం నాది. తర్వాత సలహా ఇచ్చాను, ఆ పాపమూ నాదే.

"ఇప్పుడు చెప్తే చేప తిరిగొస్తుందా పిన్నీ? ఊరికే ఇంట్లో గొడవ. నాలుగు రోజులు పోతే ఆయనే మర్చిపోతాడు."

"మర్చిపోతాడంటావా?"

"చేపే కదా!"

నాకు సలహా నాలిక చివరే ఉంటుంది, బుద్ధి మాత్రం మోకాల్లో ఉంటుంది. బాబాయి మర్చిపోలేదు. ముందు సాయంత్రం నడక మానేశాడు. తర్వాత రోడ్డుకి అవతల ఉన్న టీకొట్టుకి వెళ్ళడం మానేశాడు. నేను రమ్మంటే, "గొట్టంలో రంగు కనబడనివాడికి లారీ కనబడుతుందా అమ్మాయ్" అన్నాడు. ఎవరైనా స్కూటరు మీద ఎక్కించుకుంటానన్నా వద్దన్నాడు. కళ్ళ మీదే కాదు, తన మీద తనకే నమ్మకం పోయింది.

తొట్టి ఇచ్చేస్తానంటే పిన్ని పట్టుబట్టి ఆపింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే గానీ, ఏదో ఒకటి చేయకుండా ఆవిడ కూర్చోలేదు. కొట్టాయన చెప్పినట్టు ఈసారి చేప లేకుండానే మొదలుపెట్టారు. చేప వదిలే ఆ విషమే, అమ్మోనియా, సీసాలో తెచ్చి క్రిములకి మేతగా రోజూ కొన్ని చుక్కలు వేయడం, క్రిములు పుట్టేదాకా ఎదురుచూడటం. మొదటి విషం తగ్గాక రెండోది పుడుతుంది. దానికి వేరే గొట్టం, అది నీలమైతే మంచిది, ఊదా అయితే చెడ్డది. రెండూ పోయిన రోజు తొట్టి తయారైనట్టు.

పరీక్ష బాబాయి చేసేవాడు. రంగు పిన్ని చెప్పాలి. పొద్దున ఏడింటికి కిటికీ దగ్గర గొట్టం ఎత్తి పట్టుకుని, "రంగేంటి?" అనేవాడు. పిన్ని రంగుల కాగితం పక్కన పెట్టి చూసి చెప్పేది. ఆయన గోడ మీది క్యాలెండర్లో రాసేవాడు. రాస్తూ రోజూ ఏదో ఒకటి అనేవాడు. ఈ గొట్టం అప్పుడే నీకు చూపించి ఉంటే బతికేది. ముప్పై ఏళ్ళు జనాన్ని ఎలా మోశానో నాకే భయమేస్తోంది. ఇలాంటివే. పిన్ని వినేది. విని, రంగు చెప్పి, వంటింట్లోకి వెళ్ళి చేతులు కడుక్కునేది. ముంజేతుల దాకా, పాత ఉద్యోగంలోలా. చర్మం ఎర్రబడి పొట్టు లేచింది.

"చెప్పేస్తానే" అనేది నాతో. "రేపు చెప్తాను" అనేది. ఇన్నాళ్ళు ఆగి ఇప్పుడు చెప్తే ఇంకా ఘోరం అని ఆపేదాన్ని. నిజం చెప్పాలంటే, నా సలహా బయటపడుతుందని నా భయం.

ముప్పై ఎనిమిదో రోజు నేను అక్కడే ఉన్నాను. బాబాయికి డిపో నుంచి ఫోనొచ్చింది. కొత్తగా చేరిన డ్రైవర్లకి వారానికొక రోజు వచ్చి పాఠం చెప్పమని. బండి నడపక్కర్లేదు, కూర్చుని చెప్తే చాలు, కారు పంపిస్తామన్నారు. ఆరునెలల కిందట అయితే ఎగిరి గంతేసేవాడు.

"వద్దు బాబూ. ఇంట్లో ఉన్న ఒక్క చేపని చూసుకోలేకపోయాను. నేనేం చెప్తాను వాళ్ళకి?" అని పెట్టేశాడు.

పిన్ని వంటింటి గుమ్మంలో తడిచేతులతో నిలబడి ఉంది.

"చేపని చంపింది మీరు కాదు" అంది. "ఆ స్పాంజి నేను ఉడికించాను. మీరు వద్దన్నా తీసి, సబ్బు పెట్టి, కుక్కర్లో పెట్టి ఉడికించాను. క్రిములన్నీ చచ్చాయి. మీ కళ్ళు బాగున్నా ఆ విషం పుట్టేదే."

ఆవిడ ఏడవలేదు. ఆపరేషన్ గదిలో తప్పు జరిగితే రిపోర్టు ఇచ్చినట్టు, వరసగా, ఏదీ దాచకుండా చెప్పింది. బాబాయి తొట్టి వైపు చూశాడు.

"తెలీక చేశావు. పోనీలే, చేప పోయింది" అన్నాడు. "కానీ ఇన్నాళ్ళూ రోజూ పొద్దున్నే నా పక్కన నిలబడి, నన్ను నేను తిట్టుకుంటుంటే విన్నావు చూడు. అదెలా చేయగలిగావు?"

బాబాయి నా వైపు తిరిగాడు.

"నీకు తెలుసా అమ్మాయ్?"

తెలీదని చెప్పడానికి నోరు రాలేదు. "తెలుసు బాబాయ్. చెప్పొద్దని నేనే అన్నాను" అన్నాను. ఆయన తలూపాడు. అరిస్తే బాగుండును అనిపించింది. అరవలేదు.

ఆ సాయంత్రం ఆయనే డిపోకి ఫోన్ చేసి, వస్తానని చెప్పాడట. పిన్నితో మాత్రం మాట్లాడలేదు. అన్నం పెడితే తిన్నాడు, మంచినీళ్ళు ఆయనే తీసుకున్నాడు.

రాత్రంతా నిద్రపట్టక, మర్నాడు ఏడింటికల్లా నేను వాళ్ళింట్లో ఉన్నాను. బాబాయి అప్పటికే నీళ్ళలో చుక్కలు కలిపి ఊపుతున్నాడు. పిన్ని దూరంగా, గోడకి ఆనుకుని నిలబడింది. పిలుస్తాడో లేదో తెలీదు. గడియారం చూసుకుని, కిటికీ దగ్గర గొట్టం ఎత్తి పట్టుకుని, ఆయన వెనక్కి తిరగకుండానే అన్నాడు.

"రా. నిజం చెప్పు."

రోజూ రంగేంటని అడిగే మనిషి. పిన్ని దగ్గరికొచ్చి రంగుల కాగితం పక్కన పెట్టింది. కనీసం రెండు నిమిషాలు చూసి ఉంటుంది. నీలం అని ఉంటే ఆ రోజే కొత్త చేప వచ్చేది, ఇంట్లో ఈ బరువు కాస్త దిగేది.

"ఇంకా ఊదాగానే ఉందండీ" అంది.

బాబాయి గొట్టం దించలేదు. క్యాలెండరు దగ్గరికీ వెళ్ళలేదు.

"అమ్మాయ్, నువ్వూ వచ్చి చూడు" అన్నాడు.