మాట చివర ‘రా’

ఉదయగిరిలో మగవాడు మగవాడితో మాట్లాడితే చివర ‘రా’ పడాల్సిందే. స్నేహితుడైనా రా, తిట్టాలన్నా రా, ముద్దొచ్చినా రా. మా నాయన ఎద్దులతో కూడా అట్లాగే మాట్లాడేవాడు. నాదీ అదే నోరు. పైగా నాకు కోపం ఎక్కువ, చెయ్యి ముందు లేస్తుంది, బుద్ధి తర్వాత లేస్తుంది. అట్లాంటి నేను కుక్కను తెచ్చుకున్నాను.

ఆత్మకూరులో తెలిసినవాళ్ళ ఇంట్లో పుట్టిన నాటు పిల్ల అది, గోధుమరంగు మగది. సంచిలో పెట్టుకుని బస్సులో తెచ్చాను. మాది కొయ్య గరిటెలు, చెంచాలు చెక్కే వృత్తి. పగలంతా వసారాలో ఒక్కణ్ణే కూర్చుని పని. తోడుగా ఉంటుందనుకున్నాను. ఫోనులో శిక్షణ వీడియోలు చూస్తే అందరూ కుక్కలతో ఇంగ్లీషే మాట్లాడుతున్నారు. “నాటు కుక్కకి ఇంగ్లీషు దేనికి, తెలుగు చాలదా?” అని మా ఆవిడ దగ్గర గొప్పలు పోయాను. ఎండుచేప ముక్క పట్టుకుని ‘రా’ అనేవాణ్ణి, వస్తే నోట్లో పెట్టేవాణ్ణి. నాలుగు రోజుల్లో నేర్చేసుకుంది. పెరట్లో ఎక్కడున్నా పరుగెత్తుకొచ్చి కాళ్ళ ముందు నిలబడేది. అబ్బో, నా అంత పంతులు లేడనుకున్నాను.

అసలు తంటా తర్వాత మొదలైంది. “అవతలికి పోరా” అంటే ఇంకా దగ్గరకు వచ్చేది. “ఉండరా” అంటే లేచి వచ్చేది. నన్ను ఎగతాళి చేస్తోందని ఒళ్ళు మండేది. చేతికి ఏది దొరికితే దానితో ఒకటి వేసేవాణ్ణి. ఒకరోజు నెల్లూరు పంపాల్సిన గరిటెలు నాలుగైదు కొరికి పెట్టింది. నేను అరవలేదు. చాలా తీయగా “రా” అన్నాను. తోక ఊపుకుంటూ వచ్చింది. మెడ పట్టుకుని, అది కొరికిన గరిటెతోనే కొట్టాను. కుయ్యోమంది గానీ నా మీద పళ్ళు చూపించలేదు. సిగ్గులేని పని చేశాను, ఇప్పుడు తలుచుకున్నా నా చెయ్యి నాకే అసహ్యంగా ఉంటుంది.

ఆ తర్వాత నేను గొంతు పెంచితే చాలు, పొట్ట నేలకు ఆనించి, చెవులు వెనక్కి వాల్చి, మూతి నాక్కునేది. పిలిస్తే సగం దూరం వచ్చి ఆగిపోయేది. “చూడుమే, తప్పు చేసినానని దానికే తెలస్తా ఉండాది” అన్నాను మా ఆవిడతో.

“తప్పో గిప్పో నాకు తెలవదు. నిన్ను చూస్తే వణకతా ఉండాది గదయ్యా” అని ఆమె లోపలికి వెళ్ళిపోయింది.

టీకా వేయించడానికి ఆత్మకూరు పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళాను. బల్ల మీద నిలబెట్టి “కదలబాకరా, ఉండరా, అయిపోతుందిరా” అంటున్నాను. డాక్టరమ్మ సూది పక్కన పెట్టి మమ్మల్నిద్దరినీ కాసేపు చూసింది.

“దీన్ని ఏమని పిలుస్తారు?”

“రా అంటానమ్మా. ముందు బాగా వచ్చేది, ఇప్పుడు మొండికేస్తా ఉండాది.”

“మీరు నోరు తెరిస్తే రా. అందులో ఏది పిలుపో దానికెట్లా తెలుస్తుంది? పోరా అన్నా దానికి వినపడేది చివరి రానే. వచ్చినందుకు తన్నులు తింటోంది.” చెవులు వాల్చడం, మూతి నాక్కోవడం గురించి కూడా చెప్పాను. ఆమె నవ్వలేదు. “తప్పు చేశానన్న బాధ కాదండీ అది. భయం. ఇకమీదట పిలిచి కొట్టొద్దు. పిలవడానికి వేరే మాట పెట్టుకోండి, ఈల వేసినా సరే.”

సగం విన్నాను. కొట్టడం నిజంగానే మానేశాను. మళ్ళీ ఎండుచేప పట్టుకుని, నేల మీద కూర్చుని, దానంతట అది వచ్చేదాకా ఓపిక పట్టాను. నెల రోజులకు నన్ను నమ్మింది. ‘రా’ ఎక్కడ వినపడినా ఉరికొచ్చేది. మాట మార్చమన్నది మాత్రం చెవిన పెట్టలేదు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఉన్న నోరు, కుక్క కోసం మార్చుకుంటానా అనుకున్నాను. అంతే, ఒట్టి పొగరు.

ఆ వేసవిలో ఒక ఉదయం గరిటెల కట్ట నెల్లూరు బస్సులో వేయడానికి బయలుదేరాను. కుక్క వెంట వచ్చింది. నేను రోడ్డు దాటాను, అది అవతలే టీ అంగడి దగ్గర ఏదో వాసన చూస్తూ ఆగిపోయింది. తల ఎత్తి నన్ను వెతుక్కునేసరికి మలుపులో బస్సు వచ్చేస్తోంది. “రాబాకరా!” అని అరిచాను.

రావద్దనడానికి మా వైపు మాట అది. ముందు రా, వెనక రా. మధ్యలో ఉన్న వద్దు కుక్క చెవికి ఎట్లా ఎక్కుతుంది? చెవులు నిక్కబెట్టి, ఎంతో సంతోషంగా, నేరుగా నా దగ్గరకు పరుగెత్తుకొచ్చింది.

డ్రైవరు బ్రేకు వేశాడు పాపం, ఆయన తప్పు ఏమీ లేదు. వెనక కాలు చక్రం కింద పడింది. జనం మూగారు. “కుక్కని పట్టుకోవద్దా అయ్యా?” అన్నాడాయన. అంతమంది ముందు నా నోట్లోంచి వచ్చిన మాట ఇది: “మాట వినదు సార్, మొండిది.”

ఆత్మకూరు తీసుకెళ్తే కాలు తీసేయక తప్పదన్నారు. డాక్టరమ్మ కట్టు కడుతూ “పిలిచే మాట మార్చారు గదా?” అని అడిగింది. “మార్చినానమ్మా” అన్నాను. కుక్క నా అరచెయ్యి నాకుతోంది. ఛీ, ఎట్లా అనగలిగానో!

ఇంట్లోనూ కుక్క మాట వినలేదనే చెప్పాను. వీధిలోనూ అదే. ఏడాదిగా మా వీధిలో అది మాట వినక కాలు పోగొట్టుకున్న కుక్క. అది కుంటుతూ పోతుంటే ఎవరో ఒకరు “వింటే కదా!” అంటారు. నేను తల వంచుకుని గరిటె చెక్కుతూ ఉంటాను.

మొన్న మధ్యాహ్నం మా ఆవిడ దానికి అన్నం కలుపుతోంది. అది గోడ పక్కన నీడలో పడుకుని ఉంది. ఆమె దాని మొండి తొడ వంక చూసి, జాలితోనే తిట్టింది. “ఆ పొద్దు మీ నాయన మాట వినుంటే కాలు ఉండేది గదరా!”

అది చటాక్కున లేచింది. ఒకసారి తూలి, నిలదొక్కుకుని, మూడు కాళ్ళ మీద గెంతుకుంటూ ఆమె ముందుకొచ్చి నిలబడింది.

“నేను పిలవలేదే!” అని ఆమె ఆశ్చర్యపోయింది.

నా చేతిలో ఉలి ఆగిపోయింది. “ఆ పొద్దు కూడా అది వినిందిమే” అన్నాను. “రాబాకరా అని నేనే అరిచినాను. రా అన్నానని వచ్చింది. మాట మార్చమని డాక్టరమ్మ అంతకు ముందే చెప్పింది. నేనే మార్చలేదు.”

ఆమె అన్నం గిన్నె కింద పెట్టింది. “ఏడాదిగా నేను దీన్ని తిడతా ఉంటే, నువ్వు వింటా కూర్చున్నావా?”

“కూర్చున్నాను” అన్నాను.