తప్పుల గుత్తేదారు పున్నారావుగారు

ముసునూరులో ఏ తప్పు జరిగినా అది బసవపున్నారావుగారిదే. ఎవరో ఆయన మీదికి తోసేస్తారని కాదు, ఆయనే ఎదురెళ్ళి నెత్తిన వేసుకుంటారు. మామిడితోటలు గుత్తకు తీసుకునేవాళ్ళు ఆ చుట్టుపక్కల కొల్లలుగా ఉన్నారు గాని, ఊళ్ళో తప్పులన్నీ గుత్తకు తీసుకున్న మనిషి ఆయనొక్కరే.

నూజివీడు బస్సు గంట ఆలస్యమైతే, "తప్పు నాదేనండి. నేను ఎక్కుదామనుకున్నాను కదా, అందుకే రాలేదు" అనేవారు. వైశాఖంలో గాలివాన కొట్టి రసాలు రాలిపోతే, "నిన్న ఎండను తిట్టానండి, పైవాడు విన్నట్టున్నాడు" అంటూ తోట తోటకూ వెళ్ళి పరామర్శించేవారు. పెళ్ళిలో పులిహోర చాలకపోతే తాను రెండోసారి వడ్డించుకోవడం వల్లేననేవారు. ఆ పెళ్ళికి ఆయన వెళ్ళనే లేదని తరవాత తెలిసేది. దారిలో రాయి తగిలి బొటనవేలు చిట్లితే, వంగి ఆ రాయిని జాగ్రత్తగా పక్కన పెట్టి, "చూసుకోలేదు" అని దానికే సంజాయిషీ చెప్పేవారు.

ఆయన భార్య వెంకాయమ్మగారిది పూర్తిగా ఎదురు దారి. కాపురానికొచ్చిన ఇరవై ఏడేళ్ళలో ఆవిడ ఒక్క తప్పూ చేయలేదు. పాలు పొంగిపోతే గేదెది తప్పు. గుమ్మం తలకు తగిలితే కట్టిన మేస్త్రీది తప్పు. ఇద్దరికీ చెరిసగం పంచవలసిన తప్పుల్ని దేవుడు ఒకరి పేరునే రాసేశాడని ఊరు నవ్వుకునేది.

"ఇలా అన్నీ మీదేసుకుంటుంటే ఏదో ఒకనాడు కొంప మునుగుతుందండీ" అనేది ఆవిడ.

"మునిగితే తప్పు నాదేనే" అనేవారాయన.

ఆయన మాట ఎవరూ నమ్మరు కనక ఆవిడ ధైర్యంగానే ఉండేది. పంతొమ్మిది వందల ఎనభై ఆరు ఆషాఢంలో ఆ ధైర్యం కాస్తా పోయింది.

పున్నారావుగారు ఊరి బయట మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో టైమ్‌కీపరు. గేటు పక్క గదిలో కూర్చుని వచ్చే లారీ, పోయే లారీ రాసుకోవడం ఆయన పని. రెండేళ్ళ కిందట ఆ కంపెనీ జనానికి షేర్లమ్మింది. సినిమా తార హేమమాలతి అందులో పెద్ద వాటా తీసుకుని, రసం పండు కొరుకుతూ నవ్వుతున్న తన బొమ్మను గోడలకెక్కించింది. ఆవిడకు ముసునూరులో నలభై ఎకరాల తోట, అందులో ఓ బంగళా ఉన్నాయి. వేసవిలో వచ్చి నెల్లాళ్ళుండి మద్రాసు వెళ్ళిపోయేది. ఆవిడ పండు కొరికిన తీరు చూసి ఊరు ఊరంతా షేర్లు కొంది. ప్రారంభోత్సవం నాడు ఆవిడ తనకే నమస్కారం పెట్టిందని మోతుబరి లక్ష్మీనరసింహారావుగారు ఇంట్లో అడక్కుండా కొనేశారు. ఆ నమస్కారం ఆయన వెనక నిలబడ్డ కలెక్టరుగారికని ఎంతమంది చెప్పినా ఆయన ఒప్పుకోలేదు.

ఆ ఏడు మే నెల మొదట్లో హేమమాలతి తన షేర్లన్నీ చడీచప్పుడు లేకుండా అమ్మేసింది. ఇరవై రోజుల తరవాత గల్ఫు ఆర్డరు రద్దయిందనీ, ఈ సీజనుకు ఫ్యాక్టరీ నడవదనీ కంపెనీ ప్రకటించింది. షేరు కాగితం పకోడీలు కట్టడానికి కూడా పనికిరాదని, బాగా మందంగా ఉందని, టీకొట్టు రాయప్ప తేల్చేశాడు. లోపలి కబురు ముందే తెలుసుకుని తార తాను గట్టెక్కి జనాన్ని ముంచిందని పత్రికలు రాశాయి.

ఇక రాయప్ప కొట్టే కోర్టయింది. "ఆవిడ నవ్వులోనే మోసముందని నేనప్పుడే అన్నాను" అనేవాడు అందరికంటే ముందు షేర్లు కొన్నవాడు. "మా అమ్మ అలాంటిది కాదండీ, గిట్టనివాళ్ళు రాయించారు" అంటూ రాయప్ప గోడమీది బొమ్మకు దండ మార్చేవాడు. పొద్దుటి టీకి దొంగ అయిన మనిషి సాయంత్రం టీకి దేవత అయ్యేది. ఇంతలో ఒకరోజు ఎవరో ఆ బొమ్మ మొహాన పేడ కొట్టారు. జనం పోగై ఎవరు ఎవరని కర్రలు పట్టుకునేసరికి పున్నారావుగారు చెయ్యెత్తి, "తప్పు నాదేనండి" అన్నారు. ఆయనకు పేడ వాసనే పడదని అందరికీ తెలుసు. నవ్వి కర్రలు పారేశారు.

ఆ నవ్వుల్లో కలవనిది వెంకాయమ్మగారొక్కతే. కబురు మోసిందెవరో ఆవిడకు తెలుసు. మోసింది ఆవిడే.

ఏప్రిల్ చివర్లో భోజనం చేస్తూ పున్నారావుగారు, "రేపట్నుంచి ఖాళీ డబ్బాల లారీలు వస్తే వెనక్కి పంపేయమన్నారే" అన్నారు. మర్నాడు ఆవిడ బంగళాకు ఆవకాయ పట్టుకెళ్ళింది. మాటల్లో, "ఈ ఏడు మీ ఫ్యాక్టరీకి డబ్బాలే రావంటమ్మా. మీరో మాట చెప్పి పాత డబ్బాలు నాలుగు నాకిప్పించండి, ఒరుగులు పోసుకుంటాను" అంది. డబ్బాలు లేకపోతే గుజ్జెక్కడ నింపుతారని వెంకాయమ్మగారు ఆలోచించలేదు. తార ఆలోచించింది. ఆవకాయ వేలితో రుచి చూస్తున్నదల్లా ఆగి, చెయ్యి కడుక్కుని, మద్రాసుకు ట్రంకాల్ బుక్ చేయించింది.

పేపర్లో 'లోపలి కబురు' అన్న మాట విన్ననాడు ఆ కబురు తాను మోసిందేనని ఆవిడకు తెలిసింది. చెప్పేద్దామని నాలుగుసార్లు నోరు తెరిచింది. తప్పు చేసిన అలవాటు లేనిదేమో, ఒప్పుకోవడం ఎలాగో తెలియలేదు. కబురు మోసినవాళ్ళ మీద పోలీసు కేసు పెడతారని, జైలు తప్పదని మేనేజరు చెప్పాక ఆ నోరు పూర్తిగా మూతపడింది.

హైదరాబాదు నుంచి విచారణకు ఆఫీసరు వచ్చాడు. ఫ్యాక్టరీ వరండాలో బల్ల వేశారు, వాకిట్లో పోలీసు జీపు ఆగింది. తార పరువు తీద్దామని కొందరు, నిలబెడదామని కొందరు, ఊరంతా కదిలొచ్చింది. ఆఫీసరు మొదట పిలిచింది గేటు మనిషిని.

"మీ పేరు?"

"బసవపున్నారావండి. తప్పు నాదేనండి."

"నేనింకా ఏమీ అడగలేదు. ఫ్యాక్టరీ నడవదన్న కబురు హేమమాలతి గారికి చెప్పిందెవరు?"

"నేనేనండి."

వాకిట్లో జనం ఫక్కున నవ్వారు. ఆఫీసరు నవ్వలేదు. పద్నాలుగేళ్ళ ఉద్యోగంలో టీ చల్లారకముందే నేరం ఒప్పుకున్న మనిషి ఆయనకు తగల్లేదు. సంబరంగా కలం మూత తీశాడు.

"ఆవిడ మీకేమిచ్చింది?"

పున్నారావుగారు బాగా ఆలోచించి, "ఒకసారి మజ్జిగ ఇచ్చారండి" అన్నారు.

ప్రతిఫలం మజ్జిగ అని ఆఫీసరు రాసుకున్నాడు. మేనేజరు వంగి, "సార్, ఈయన అన్నీ ఇలాగే ఒప్పుకుంటారు. పట్టించుకోకండి" అని గొణిగాడు. "ఓహో, మీరూ ఉన్నారా ఇందులో?" అన్నాడు ఆఫీసరు. మేనేజరు మళ్ళీ నోరెత్తితే ఒట్టు.

"దీనిమీద సంతకం చేసి జీపెక్కండి. నూజివీడు స్టేషనులో మిగతాది మాట్లాడుకుందాం."

నవ్వులు ఆగిపోయాయి. ఆయన మాట నమ్మే మనిషి భూమ్మీద ఒకడున్నాడని ఊరికి అప్పుడే తెలిసింది. వెంకాయమ్మగారు స్తంభాన్ని పట్టుకుంది.

"అయ్యా, ఆగండి" అని రాయప్ప ముందుకొచ్చాడు. "ఆయన చెయ్యనియ్యి కూడా చేశానంటాడండి. మొన్న ఆ బొమ్మకు పేడ కొట్టింది నేను. తానే కొట్టానని చెప్పి ఈయన నామీద పడనీలేదు."

"నువ్వా!" అంది ఊరు. "దండలేసేది నువ్వేగా?"

"పొద్దున దండేశాను. మధ్యాహ్నం షేరు కాగితం కనపడింది. కడుపు మండింది" అన్నాడు రాయప్ప తల దించుకుని.

ఫ్యాక్టరీలో కాయలు ఏరే లేయా కొంగు నోటికడ్డం పెట్టుకుని లేచింది. "పోయినేడు కుళ్ళుకాయలు గుజ్జులో పడ్డది నా వల్లేనండి. పిల్లకి జ్వరం, రెండు రోజులు నిద్ర లేదు, బెల్టు కాడ కునుకు పట్టింది. డ్యూటీ మారే గంట కొట్టడం తానే మర్చిపోయానని ఈయనే సారుకి చెప్పారు. లేకపోతే నా పని పోయేది."

చివరికి లక్ష్మీనరసింహారావుగారే కండువా సర్దుకుని లేచారు. "మా బావమరిది తోటలో రెండు బళ్ళ రసాలు కోయించింది నేనే. కొడవళ్ళు లేచిన రోజు, కోతవాళ్ళకు కంచె హద్దు తప్పుగా చూపించింది తానేనని ఈయన మధ్యలో నిలబడ్డాడు" అన్నారు. బావమరిది నాలుగడుగుల దూరంలో ఉన్నాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని మొహాలు తిప్పుకున్నారు. కొడవళ్ళు మాత్రం లేవలేదు.

వెంకాయమ్మగారు మొగుడి వంక చూసింది. ఇన్నాళ్ళూ అది వట్టి పిచ్చి అనుకుంది. ఆ బస్సులూ పులిహోరలూ అంటూ అంత గోల పెట్టబట్టే, వాటి మధ్య నిజమైన తప్పు ఒకటి మోస్తే ఎవరికీ తెలియకుండా పోయింది. అది తట్టేసరికి ఆవిడకు దుఃఖమూ కోపమూ కలిసి వచ్చాయి.

ఆఫీసరు విసుక్కున్నాడు. "బాగుంది. అవన్నీ ఆయన చెయ్యలేదు. మరి ఈ కబురు ఎవరో ఒకరు చెప్పారు కదా! ఎవరు వాళ్ళు?"

పున్నారావుగారు, "అదే చెబుతున్నా కదండీ" అంటూ కలం అందుకున్నారు.

"ఆ కలం కింద పెట్టండి!" అంది వెంకాయమ్మగారు. ఇంట్లో వినపడే గొంతే అది, వరండా అంతా వినపడింది. "చెప్పింది నేనండీ. ఆయనకేం తెలీదు. ఖాళీ డబ్బాల కోసం అడిగాను, లారీలు వెనక్కి పోతున్నాయన్నాను. తప్పు..." అని ఆగింది. అలవాటు లేని మాట. బలవంతాన బయటికి తోసింది. "తప్పు నాది."

"కాదండీ, ఇంట్లో చెప్పింది నేను" అన్నారు పున్నారావుగారు కంగారుగా.

"మీరు నోర్ముయ్యండి! ఇది నాది!"

ఆఫీసరు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "ఉండండమ్మా. లారీలు వెనక్కి పోవడం ఇంకెవరైనా చూశారా?"

"డ్రైవర్లు నా కొట్లోనే టీ తాగారండి" అన్నాడు రాయప్ప. లేయా చూసింది. లక్ష్మీనరసింహారావుగారి బండి అయితే ఆ లారీలకు దారిచ్చి పావుగంట నిలబడింది. ఊరంతా చూసింది. ఊళ్ళో ఎవరికీ తట్టలేదు, తార ఒక్కదానికే తట్టింది.

"ఊరందరి కళ్ళ ముందూ రోడ్డుమీద నడిచింది రహస్యమని నేనెలా రాయను?" అంటూ ఆఫీసరు ఆ కాగితాన్ని అడ్డంగా కొట్టేశాడు. "ఈ దంపతుల మీద కేసు లేదు. హేమమాలతి గారి సంగతి మద్రాసులో తేలుతుంది."

"తట్టినప్పుడు మాకో మాట చెప్పొచ్చుగా, ఆవిడ బొమ్మ చూసే కదా కొన్నాం" అంది లేయా. దానికి తార అభిమానులు కూడా తలలూపారు. కాని దొంగ అని అరవడానికి వచ్చినవాళ్ళూ అరవలేదు. అప్పుడే ఎవరి తప్పులు వాళ్ళు చెప్పుకున్నారాయె, గొంతు లేవలేదు. ఒక్కొక్కరే వచ్చి పున్నారావుగారికి దండం పెట్టి వెళ్ళారు. ఆయన సిగ్గుతో ఎటు చూడాలో తెలియక జీపు డ్రైవరుకు తిరిగి దండం పెట్టారు.

ఇద్దరూ తోటల మధ్య దారిన ఇంటికి నడిచారు.

"నేనేనని మీకు ముందే తెలుసా?" అంది ఆవిడ.

"ఆ పేపరు వచ్చిన రోజు పప్పులో ఉప్పు రెండుసార్లు వేశావు. ఇరవై ఏడేళ్ళలో అలా ఎప్పుడూ లేదు. ఏదో అయిందనుకున్నాను."

"మరి నోరు మూసుకుని తిన్నారే!"

"ఎక్కువైందంటే అది నీ తప్పయ్యేది కదే."

వెంకాయమ్మగారు దారి మధ్యలో నిలబడిపోయింది. కళ్ళు తుడుచుకుని, వెంటనే అందుకుంది. "బీపీ మనిషి! డాక్టరు ఉప్పు ముట్టొద్దన్నాడు! రెండు గిన్నెల పప్పు తిన్నారు ఆ రోజు, గుర్తుందా? ఏమైనా అయితే నా గతేంటి? అది తప్పు కాదూ?"

ఇల్లు చేరేదాకా ఆవిడ అడుగుతూనే ఉంది. ఊళ్ళోవాళ్ళ తప్పులన్నీ ఒప్పుకున్న మనిషి, అంత ఉప్పు తినడం తప్పని మాత్రం ఎంతకీ ఒప్పుకోలేదు.