ఎవరివో తెలియని పాదాలు

ఫరోగత్‌కు ఓడిపోవడం చిన్నప్పటినుంచీ చేతకాదు. ఖుజంద్ బడిలో భూగోళం చెప్పి చెప్పి రిటైరయ్యాక కూడా ఆ గుణం పోలేదు. టీచర్ల ట్రైనింగులో ఆమెతో కలిపి ఒకే గదిలో ఉన్న నలుగురు స్నేహితురాళ్లు ఫోన్‌లో గ్రూపు పెట్టుకుని, మధ్యాహ్నం టీ వేళకు బైత్‌బరక్ ఆడేవారు. కవిత్వంతో ఆడే అంత్యాక్షరి అది. ఒకరు తమకు నచ్చిన రెండు పాదాలు పెడితే, వాటి చివరి అక్షరంతో మొదలయ్యేవి ఇంకొకరు అందుకోవాలి. అందుకోలేనివాళ్లు ఆ రోజుకు ఓడినట్టు.

ఫరోగత్ కష్టమైన అక్షరంతో ముగిసేవే ఏరి మరీ పెట్టేది. మునీరా, హదీచా తొందరగానే చేతులెత్తేసేవారు. ఇస్ఫరాలో పెళ్లికూతుళ్లకు బొంతలు కుట్టే సనవ్‌బర్ మాత్రం దొరికేది కాదు. కాసేపాగి ఎక్కడినుంచో రెండు పాదాలు పట్టుకొచ్చేది. ఎవరివని అడిగితే, మా నాయనమ్మ అంటుండేదని దాటేసేది.

ఒక చలికాలం ఆమె ఇలా పెట్టింది:

నీ వాకిట మంచు ఊడ్చి వెళ్లింది నేనే,
నా అడుగుజాడలూ అందులోనే ఊడ్చేశాను.

ఫరోగత్ ఆ రోజు ఆట సంగతే మరిచిపోయింది. ఆ పాదాలను చుట్టాలందరికీ పంపింది. మేనకోడలి పెళ్లిలో నిలబడి చదివితే, పాతకాలం కవులు పాతకాలం కవులేనని పెద్దలు తలలూపారు.

వసంతంలో సనవ్‌బర్ చేతిలో వరసగా ఓడిపోయేసరికి ఫరోగత్‌కు ఒళ్లు మండింది. సనవ్‌బర్ పెట్టినవన్నీ ఒక్కొక్కటే వెతికింది. లైబ్రరీలో అడిగింది. ఎక్కడా లేవు. లేకపోవడానికి అర్థమేమిటో ఒక్క నిమిషం ఆలోచించి ఉంటే బాగుండేది. గెలిచానన్న ఆత్రంలో అందరూ చూసేలా గ్రూపులో పెట్టేసింది:

"సనవ్‌బర్ ఇన్నాళ్లూ మనకి ఇంట్లో వండినవి వడ్డిస్తోందర్రా. ఒక్కటీ పుస్తకాల్లో లేదు. ఇకనించి కవి పేరు లేకపోతే లెక్కలోకి రాదు."

మునీరా నవ్వు బొమ్మలు వరసగా పెట్టింది. అమ్మ దొంగా అంది హదీచా. సనవ్‌బర్ జవాబిచ్చింది.

"దొరికిపోయాన్లే. అక్షరం అందక ఏదో ఒకటి అల్లేసేదాన్ని. ఏమనుకోకండే."

మర్నాటినుంచి ఆమె కవి పేరుతో సహా పెట్టసాగింది. అన్నీ బడిలో అందరూ బట్టీపట్టినవే. కష్టమైన అక్షరం వస్తే ఓడిపోయానని ఒప్పుకునేది. ఫరోగత్ రోజూ గెలిచింది. నెల తిరిగేసరికి ఆటలో పస పోయి, గ్రూపులో పండగ శుభాకాంక్షలు మాత్రం మిగిలాయి.

వేసవిలో పొరుగింట ముసలాయన పోయాడు. పరామర్శకు వచ్చిన ఒకావిడ, ఎవరో పంపితే నేర్చుకున్నానంటూ ఆ మంచు పాదాలు చదివింది. చనిపోయినాయన భార్య అంతసేపూ బిగబట్టుకుని కూర్చుంది, అవి వినగానే భోరుమంది. అది నా స్నేహితురాలు రాసిందని ఫరోగత్ నోటిదాకా వచ్చింది. తను చేసిన పని అప్పుడు తెలిసొచ్చింది.

ఆ వారమే ఇస్ఫరాకు షేర్ టాక్సీ ఎక్కింది. సనవ్‌బర్ ముంగిలంతా ఎండబెట్టిన జల్దారు పళ్లు. ఆమె సంతోషంగా కౌగిలించుకుని, రొట్టె విరిచి ముందు పెట్టింది.

"మళ్లీ రాయవే," అని బతిమాలింది ఫరోగత్. "ఈసారి నీ పేరే పెడదాం."

"రాయడమా?" సనవ్‌బర్ నవ్వింది. "అది రాయడమని నాకు తెలిస్తే కదే. నువ్వు అక్షరం విసిరేదానివి, నేను అందుకునేదాన్ని, అంతే. ఇప్పుడు బొంత కుడుతూ ఒక మాట అనుకుంటానా, ఇది ఏ పుస్తకంలో ఉందే అని నువ్వు అడుగుతున్నట్టే ఉంటుంది. అక్కడితో ఆగిపోతుంది."

"ఓడిపోయానన్న ఉక్రోషంతో అన్నానే."

"నీ సంగతి నాకు తెలీదా? ట్రైనింగులో చదరంగం బల్ల తన్నేసినదానివి. టీ పోసుకో."

తిట్టి ఉంటే ఫరోగత్‌కు కొంత తేలికయ్యేది. సనవ్‌బర్ తిట్టలేదు. కొత్త బొంత పరిచి చూపించి, ఏ రంగు అంచు వేస్తే బాగుంటుందని అడిగింది. తిరిగి వెళ్లేటప్పుడు ఒక సంచీ నిండా జల్దారు పళ్లు కట్టి ఇచ్చింది.

ఇప్పుడు మధ్యాహ్నాలు ఫరోగత్ గ్రూపులో మళ్లీ రెండు పాదాలు పెడుతుంది, చిన్నపిల్లలు కూడా అందుకోగల అక్షరం చూసి. సాయంత్రానికి సనవ్‌బర్ జవాబు వస్తుంది. కింద కవి పేరు ఉంటుంది.