గాలిల గోలిచ్చుడు

మా ఆయన ఆడే అబద్ధాన్ని ఆయన అంగి బయటపెడుతుంది. సాయంత్రం నడకకు పోయి వచ్చి అంగి విప్పి కొయ్యకు తగిలించగానే ఇల్లంతా మిరపకాయ బజ్జీల వాసన. గుండెకు స్టెంట్ వేసిన డాక్టరు నూనె వంటలు మానెయ్యమని గట్టిగా చెప్పి పంపాడు. మా కోడలు ఆ మాటను డాక్టరు కంటే గట్టిగా పట్టుకుంది. చారు, ఉడికిన కూరలు, జొన్నరొట్టె. ఆయన పళ్ళెం ముందు కూర్చుని నాలుగు ముద్దలు మింగి చెయ్యి కడుక్కుంటాడు. మిగిలిన ఆకలి బస్టాండు దగ్గర బజ్జీల బండి మీద తీర్చుకుంటాడు.

"ఏడికి పోయినవ్?" అని అడిగాను ఒకనాడు.

"నడువనీకి."

"నడిచినవా, తిన్నవా?"

"తినలే. బండి పక్కకెళ్ళి వచ్చిన. పొగ తగిలింది."

"పొగ మూతికి గూడ తగిలిందా? శనగపిండి అంటుకున్నది, తుడుచుకో."

వెంటనే తుడుచుకున్నాడు. మూతికి ఏమీ లేదు. ఆ సంగతి తెలిసి మొహం మాడ్చుకుని మంచం మీద కూర్చున్నాడు.

నేను నవ్వాను గానీ నా లోపల నవ్వు లేదు. ఆ బండి మీది నూనె నేను చూశాను. దాని రంగు చూస్తే మన నీడ కూడా అందులో కనపడదు. ఆసుపత్రిలో అద్దాల తలుపు బయట బెంచీ మీద కూర్చున్న పూట నాకు ఇంకొకసారి వద్దు. తిట్టి చూశాను, బతిమాలి చూశాను. పక్కింటి పెద్దాయనను తోడుగా పంపి చూశాను, ఇద్దరూ కలిసి తిని వచ్చారు. ఇంట్లో ఆయన నోటికి కరకరలాడేది ఏదైనా దొరికితే తప్ప ఆ బండి దారి మానడని నాకు అర్థమైంది. నూనె లేకుండా కరకరలాడించడం నా వల్ల కాదు.

అప్పుడు కోడలు ఎయిర్ ఫ్రైయర్ మాట తెచ్చింది. లక్సెట్టిపేట పిల్ల. మాట నెమ్మది, పట్టు గట్టిది.

"అత్తమ్మా, దీన్ల నూనె అక్కర్లే. గాలితోనే గోలుతది. మామ బజ్జీలు ఇంట్లనే తింటడు."

"గాలిల గోలిచ్చుడేందే? గాలికి బట్టలారుతయ్. బజ్జీలు గోలుతయా?"

"ఉత్త గాలి గాదు, వేడి గాలి."

"ఎండకాలం మన వాకిట్ల గూడ వేడి గాలే. మిరపకాయలు ఆడ పెడితే ఒరుగులైతయ్ గని బజ్జీలు గావు."

మా దిక్కు గోలించడం అంటే మూకుడులో నూనె కాగాలి, పిండి పడగానే చప్పుడు చెయ్యాలి, మునిగి తేలాలి, రంగు తిరగాలి. నూనె లేనిచోట ఆ మాటకే పని లేదు. కోడలు ఫోనులో వీడియోలు చూపించింది. వీడియోల్లో ఎవరి బజ్జీ అయినా బాగానే ఉంటుంది. వాటి కింద జనం రాసినవి చదివాను. నాకు చదువు ఆలస్యంగా వచ్చింది, బీడీలు చుట్టే రోజుల్లో రాత్రి బడిలో. అందుకే తెలుగు అక్షరం కనపడితే వదిలిపెట్టను. ఒకామె బ్రహ్మాండం అని రాసింది. ఇంకొకామె మా ఇంట్లో అటక మీద ఉంది, కావాలంటే తీసుకపొండి అని రాసింది. మా అటక మీద ఇప్పటికే రొట్టెలు ఒత్తే మిషన్ ఒకటి ఎవరి కోసమో ఎదురుచూస్తోంది.

"కొనేముందు నేను జూడాలె," అన్నాను. "నా పిండితోని జూడాలె."

కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూస్తాం. బియ్యం కొనేటప్పుడు నాలుగు గింజలు నోట్లో వేసుకుంటాం. వంట మిషన్ మాత్రం అట్టపెట్టె మీది బొమ్మ చూసి కొనాలా? వానాకాలం, పచ్చి మక్క కంకులు వస్తున్నాయి. గింజలు వలిచి పచ్చిమిర్చి, అల్లం, ఎల్లిపాయ వేసి బరకగా రుబ్బి టిఫిన్ డబ్బా అడుగు గిన్నెలో పెట్టాను. పై గిన్నెలో శనగపిండి కలుపుకున్నాను. మిరపకాయలు సంచిలో వేశాను. నేనూ, కోడలూ, మా ఆయనా ఆటో ఎక్కి బజారులో టవర్ దగ్గర కరెంటు సామాన్ల దుకాణానికి పోయాం. ఆయనను ఎందుకు తీసుకుపోయానంటే, రుచి చూసి చెప్పాల్సిన నోరు ఆయనదే.

దుకాణంలో ఒక పిల్ల, తలకు స్కార్ఫు చుట్టుకుని, ఫోనులో వాళ్ళమ్మతో ఉర్దూలో మాట్లాడుతోంది. మమ్మల్ని చూసి ఫోను పెట్టేసి తెలుగులోకి వచ్చింది. ఆలుగడ్డ ముక్కలు అందులో చేసి చూపిస్తానంది. నేను టిఫిన్ డబ్బా తీసి బల్ల మీద పెట్టాను.

"ఇదేందమ్మా?"

"పిండి. నీ మిషన్ల బజ్జీ, గారె చేసి సూపియ్యి."

"బయటి పిండి పెట్టనియ్యరమ్మా. మా సేటు కోపం జేస్తడు."

"సేటును పిలువు, నేను మాట్లాడుత."

"నమాజుకు పోయిండు."

"ఇంకేంది మరి. ఆయన వచ్చేలోపల అయిపోతది."

ఆ పిల్ల నన్ను చూసింది, మా కోడలిని చూసింది. కోడలు తల దించుకుంది, ఈమె నాకు అలవాటే అన్నట్టు.

"మా అమ్మ గూడ గిట్లనే," అని నవ్వి, "జర జల్ది కానియ్యిండ్రి," అంది.

మిరపకాయకు పిండి పట్టించి, జల్లెడ లాంటి గిన్నెలో పెట్టి, మిషన్ లోపలికి తోశాను. అది హోరుమంటూ మొదలుపెట్టింది. కాసేపటికి మాడువాసన వచ్చింది. గిన్నె బయటికి లాగితే పిండంతా రంధ్రాల్లోంచి కారి అడుగుకు పట్టుకుంది. మిరపకాయ మాత్రం ఒంటి మీద ఏమీ లేకుండా పడుకుని ఉంది.

"అంగి ఇడిచింది," అన్నాడు మా ఆయన.

"నీ తీరుగనే," అన్నాను. "ఇంట్లకు రాంగనే."

పక్కన ఫ్రిజ్ చూస్తున్నవాళ్ళు కూడా ఇటు తిరిగి నవ్వారు. ఆ పిల్ల పరేషాన్ అయి, సేటు వచ్చేలోపల అడుగు తోమడానికి గుడ్డ వెతుకుతోంది. మా కోడలు కూడా కొంగు దోపుకుని సాయం పట్టింది. తర్వాత మక్కగారెలు మందంగా తట్టి పెట్టాం. ఇవి కారలేదు. కానీ బయటికి తీసేసరికి ఎండిపోయి, వానలు పడని చేను తీరుగా పగుళ్ళు పట్టాయి. నేను ఒకటి కొరికాను.

"ఇది గారె గాదు, కాలిన రొట్టె," అన్నాను. నేను దాచిపెట్టి మాట్లాడలేను. "వద్దు బిడ్డా, ఏమనుకోకు. నీ మిషన్ మంచిదే కావచ్చు, గారె దాని పని గాదు."

రుచి చెప్పాల్సిన మనిషి కోసం చూశాను. ఆయన బల్ల దగ్గర లేడు. వంగి మిషన్ లోపలికి తొంగి చూస్తున్నాడు.

మా ఆయన సిరిసిల్లలో మరమగ్గాలు నడిపినవాడు. చెవులు సగం ఆ చప్పుడుకే పోయాయి. అయినా మిషన్ దగ్గర మాత్రం ఆయన చెవి పనిచేస్తుంది.

"పైన కాయిల్ ఉన్నది, దాని మీద పంక ఉన్నది," అన్నాడు ఎవరితోనో అన్నట్టు. "గాలి పైనుంచి కిందికి కొడుతది. అందుకే పైన ఎండింది, కింద పచ్చిగున్నది. నడుమల తిరగేసేది ఉండె."

గిన్నె లాగాడు. మిషన్ ఆగింది. లోపలికి తోశాడు. మళ్ళీ నడిచింది. మళ్ళీ లాగాడు.

"తాతా, మాటిమాటికి తియ్యకు," అంది ఆ పిల్ల.

"తీస్తే బంద్ అయితది, పెడితే నడుస్తది. పోగు తెగితే మగ్గం గూడ గిట్లనే ఆగాలె," అన్నాడు. "నూనె అసలే వద్దా, జర పూస్తే నడుస్తదా?"

"జర పూస్తేనే మంచిగొస్తది తాతా."

"మరి ముందుగాల చెప్పకపోతివి."

"ఈ అమ్మ నాకు మాట్లాడే మోకా ఎక్కడిచ్చింది?" అంది ఆ పిల్ల నన్ను చూపిస్తూ. ఆ మాట నిజమే. నేను ఇవ్వలేదు.

అయినా వద్దనే చెప్పి బయటికి వచ్చాం. ఆటోలో ఆయన నోరు మూయలేదు. పిండి పల్చగా కలపడం తప్పంటాడు. మిరపకాయను చీల్చి పిండి లోపల కూరితే కారదంటాడు. అడుగున ఆకు పరిస్తే ఎట్లా ఉంటుందో అంటాడు. ఆసుపత్రి నుంచి వచ్చినప్పటి నుంచి ఇన్ని మాటలు ఒక్కసారి మాట్లాడింది లేదు. కోడలు సరే మామా, అవును మామా అంటోంది. బస్టాండు దగ్గర ఆటోలు అడ్డంపడి మాది ఆగింది. ఎదురుగా బజ్జీల బండి. నూనె వాసన నాకే ముక్కులో కొట్టింది. నేను ఆయన మొహం వైపు చూశాను. ఆయన అటు చూడనేలేదు. చేతివేళ్ళతో గాలి ఎటు నుంచి ఎటు పోతుందో కోడలికి చూపిస్తున్నాడు.

నేను అంతసేపూ గారె మంచిగా వస్తుందా రాదా అని చూస్తున్నాను. చూడాల్సింది అది కాదు.

"ఆటో వాపస్ తిప్పు బిడ్డా," అన్నాను.

"ఏం మర్సిపోయినవ్?" అన్నాడు మా ఆయన.

"మిషన్ మర్సిపోయినం."

ఇంటికి తెచ్చిన నాటి నుంచి దాని మీద ఆయన నా చెయ్యి పడనివ్వలేదు. పెళ్ళయిన ఇన్నేండ్లలో నాకు జ్వరం వచ్చినా చాయ పెట్టి ఇవ్వని మనిషి. పొయ్యి ఆడదానిదట, మిషన్ అయితే మగవాడిదట. ఆ లెక్క ఎవరు పెట్టారో గానీ ఇప్పుడు నాకు పనికొచ్చింది కనుక తగువు పెట్టుకోలేదు. మొదటి రోజు వంటింట్లో నిలబడి కేకేశాడు.

"శనగపిండి ఏడున్నదే?"

"మనింట్లనే ఉన్నది. దేవులాడుకో."

"ఉప్పు?"

"అది గూడ."

నూనె పూయడానికి కుంచె పట్టుకొచ్చాడు. చూస్తే అది కుట్టుమిషన్‌కు నూనె పెట్టే కుంచె. నేను చెయ్యి పట్టుకుని ఆపకపోతే ఆనాడు మేమందరం మిషన్ నూనె బజ్జీలు తినేవాళ్ళం. కోడలు ఉరికి పోయి కొత్త కుంచె కొనుక్కొచ్చింది.

మొదట్లో చేసినవి మాడాయి, కొన్ని పచ్చిగా ఉన్నాయి, ఒకనాడు మిరపకాయ పేలి లోపల అంటుకుంది. మాడినవి కూడా ఆయనే తిన్నాడు. నేను చేసినవైతే పళ్ళెం పక్కకు నెట్టేవాడు. తర్వాత చెయ్యి కుదిరింది. మిరపకాయ చీల్చి, గట్టిగా కలిపిన పిండి కూరి, పైన పట్టించి, కుంచెతో నూనె పూసి, నడుమ ఒకసారి తిరగేసి తీస్తున్నాడు. అంచులు కరకరలాడుతాయి. ఉన్నమాట చెబుతున్నాను, అది బజ్జీ కాదు. ఆ మాటే ఆయనతోనూ అన్నాను.

"ఇది చెద్దరు కప్పుకున్న మిరపకాయ."

"నిన్ను తినుమన్ననా?"

"ముంగట పెట్టినవ్ గదా."

"బాగలేకపోతే ఇంకోటెందుకు తీసుకుంటున్నవ్?"

ఇంకొకటి తిన్నాను. మక్కగారెలు మాత్రం నిజంగా బాగా చేస్తున్నాడు. వాడకట్టులో ముగ్గురు ఆడవాళ్ళు వచ్చి నేర్పమని అడిగారు. నన్ను కాదు, ఆయనను.

నన్ను అడిగేది వేరే. మిషన్ కొనొచ్చా అని. నేను ఒకటే అడుగుతాను, మీ ఇంట్లో దాన్ని ఎవరు వాడతారని. నేనే అంటే, నీకు పొయ్యి ఉంది కదా, వద్దు అంటాను. పళ్ళెం ముందు కూర్చుని మొహం మాడ్చుకునే మనిషి వాడతాడంటే కొనమంటాను.

బండి దగ్గరికి మధ్యలో ఒకసారి పోయాడు. దాచిపెట్టకుండా తనే వచ్చి చెప్పాడు.

"పిండి నీళ్ళ తీరుగ కలుపుతున్నడు. నూనెంత తాగుతదో. గదే చెప్పిన ఆయనకు."

"ఏమన్నడు?"

"తింటే తిను, లేకుంటే నడువుమన్నడు."

"మరి?"

"నడిసొచ్చిన."

పోయిన నెల డాక్టరుకు చూపించుకోవడానికి పోయాం. రక్తం రిపోర్టు చూసి డాక్టరు తల ఊపాడు. పోయినసారి కంటే నయమన్నాడు. ఇంట్లో నూనె ఎంత వాడుతున్నారని అడిగాడు. మా ఆయన కుర్చీ ముందుకు జరుపుకుని మొదలుపెట్టాడు. కుంచెతో ఎట్లా పూయాలో, పూసేటప్పుడు పిండి మీద ఎందుకు గట్టిగా రుద్దకూడదో, కాయిల్ ఎక్కడుందో, పంక ఎటు తిరుగుతుందో. బయట మనుషులు చీటీలు పట్టుకుని నిలబడి ఉన్నారు. డాక్టరు మర్యాదకు విన్నాడు, తర్వాత గడియారం చూశాడు. చివరికి ఆయన మాటలకు అడ్డం తగిలి నావైపు తిరిగాడు.

"బయట తింటున్నారా అమ్మా? బజ్జీలు, మిర్చీలు?"

మా ఆయన గబుక్కున నా మొహం చూశాడు.

"లేదు సారూ," అన్నాను. "ఆయనకు టైమేడున్నది?"