ఆస్టినాబాదులో ఒకే డిష్షు

నా పెళ్లి ఒక సినిమా తార వల్ల ఆగిపోబోయింది. కంగారు పడకండి, ఆవిడకి నేనెవరో తెలియదు. ముంబైలో ఆవిడ మానాన ఆవిడ ఉంటే, ఇక్కడ పోర్ట్ బ్లెయిర్ శివారు ఆస్టినాబాదులో నేను మునిగాను. ఎలా మునిగానో చెబుతాను, హాయిగా నవ్వుకోండి. నా పరువు ఎలాగూ పోయి చాలా ఏళ్లయింది.

మా నాన్నల తరం ఆంధ్రా నుంచి ఓడెక్కి వచ్చి స్థిరపడిన వీధి మాది. మందిరం తెలుగు, ప్రార్థన తెలుగు, తగువు మాత్రం హిందీ. డిష్షులు కొత్తగా వచ్చిన రోజుల్లో వీధంతా కలిసి ఒకటే కొన్నాం. పెట్టె మా ఇంట్లో, తీగలు అందరిళ్లకీ. అంటే నేను ఏ చానెల్ పెడితే వీధంతా అదే చూడాలి. "యోనా భయ్యా, వార్తలు పెట్టు!" అని ఒకింటి నుంచి, "అరే రుకో, మ్యాచ్ అవనీ!" అని ఇంకో ఇంటి నుంచి కేకలు. పగలు జెట్టీ ఆఫీసులో గుమస్తాని, సాయంత్రమైతే వీధికి మహారాజుని.

అప్పుడొచ్చింది ఆ డాక్యుమెంటరీ. ఆ తార రహస్యంగా పెళ్లి చేసుకుందా లేదా అని శనివారం సాయంత్రం ఆవిడ ఇంటి గుట్టంతా విప్పుతారట. దేశమంతా గోల. మా సంఘపెద్ద దావీదు గారు మందిరంలో లేచి నిలబడ్డారు.

"ఒకరి ఇంటి గుట్టు చూడ్డం పాపం. శనివారం సాయంత్రం అందరూ మా ఇంట్లో ప్రార్థనకి రావాల. ఏటి యోనా, పెట్టె ముట్టుకోవు కదా?"

"ముట్టుకోను మావయ్యగారూ!" అన్నాను గట్టిగా. గట్టిగా అనక చస్తానా? ఆయన కూతురు రూతుతోనే నా పెళ్లి. మందిరంలో మూడు ఆదివారాలు వివాహ ప్రకటన చదవాలి, ఎవరికీ అభ్యంతరం లేకపోతేనే పెళ్లి. రెండు చదివారు. మూడోది ఆ శనివారం తెల్లారితే.

కానీ మనసు కోతి. శనివారం మధ్యాహ్నానికల్లా నాకు జ్వరం వచ్చేసింది. అమ్మ మాయాబందరులో అక్క పురిటికి వెళ్లింది కాబట్టి నుదురు పట్టి చూసేవాళ్లు లేరు. అందరూ ప్రార్థనలో ఉంటారు, వాళ్ల టీవీలన్నీ కట్టేసి ఉంటాయి, ఇక నన్ను పట్టుకునేదెవరు? పైగా దావీదు గారు ప్రార్థన మొదలెడితే మద్రాసు ఓడ వెళ్లి తిరిగి రావచ్చు. తలుపు గడియపెట్టి, దుప్పటి కప్పుకుని, పెట్టె ఆన్ చేశాను. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగిందంటారు. నేను అంతకన్నా ముదురు, టీవీ నోరు కూడా నొక్కేశాను. మిగతా ఇళ్లకి వెళ్లే తీగ పీకేసి చూడొచ్చు కదా అంటారా? పెళ్లయిన ఇన్నేళ్లకీ మా ఆవిడ అదే అడుగుతుంది.

మాటలు వినబడకపోయినా బొమ్మ రసవత్తరంగా ఉంది. ఒక పూజారి కనిపించాడు. ఒక డ్రైవరు ఏదో చెప్పి ఏడ్చాడు. చివరికి ఆ తారే వచ్చి కుర్చీలో కూర్చుంది. పెళ్లయిందో లేదో చెప్పబోతూ పెదవి విప్పింది.

సరిగ్గా అప్పుడే మా రేకుల కప్పు మీద ధడాలున కొబ్బరికాయ పడింది. దేవుడే తలుపు తట్టాడనుకున్నాను. గబుక్కున చానెల్ మార్చేశాను. తెర మీద ఎవరో రైతు వరి తెగుళ్ల గురించి చెబుతున్నాడు.

మరుక్షణం వీధి మొత్తం ఒక్క గొంతుతో లేచింది.

"ఏయ్! ఎవడ్రా మార్చింది?"

"యోనా! ఎనక్కి తిప్పు!" ఇది దావీదు గారి తల్లి, మరియమ్మ మామ్మ.

"జల్దీ పెట్టరా, అయిపోతాది!" ఇది... బాబోయ్, ఇది సాక్షాత్తూ మావయ్యగారు!

అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలన్నీ మాయం అన్నట్టు, మా వీధిలో అందరూ ప్రార్థనాపరులే, టీవీలన్నీ వేడి. కంగారులో నేను ఏ మీట నొక్కానో నాకే తెలియదు. పెట్టె ఒకసారి కీచుమని కన్నుమూసింది.

కాసేపటికి మావయ్యగారు లాంతరు పట్టుకుని వచ్చారు.

"మందిరంలో మాటిచ్చి తప్పినావు."

"మరి మీరెలా చూశారు మావయ్యగారూ?"

"నువ్వు మాట మీద ఉన్నావో లేదో కనిపెట్టొద్దా? అందుకే ప్రార్థన తొందరగా ముగించీసి అందరం గొంతు తగ్గించి టీవీలు పెట్టాం."

"గంటసేపు కనిపెట్టారా?"

ఆయన దగ్గారు. "మాటలు కాదు. రేపు మూడో ప్రకటన. ఇలాంటోడికి పిల్లనివ్వాలా అని నాను ఆలోచించుకోవాల," అని వెళ్లిపోయారు. ఆ మాటతో నాకు నిజంగానే జ్వరం వచ్చింది. రూతు లేని బతుకు తలుచుకుంటే ఏడుపొచ్చింది, అబద్ధం కాదు.

ఆదివారం మందిరం కిటకిటలాడింది. పాస్టరు అయ్యగారు మా ఇద్దరి పేర్లు చదివి, "ఈ పెళ్లికి ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఇప్పుడే చెప్పాలి," అన్నారు. నేను మావయ్యగారి వైపు చూశాను. ఆయన నేలచూపులు చూస్తున్నారు. అమ్మయ్య అనుకునేంతలో వెనకనుంచి కర్ర టకటకలాడింది. మరియమ్మ మామ్మ లేచింది.

"నాకుంది అబ్యంతరం! ఆ సినిమా పిల్లకి మనువైందా, అవ్వలేదా? ఆ ముక్క తెలీకుండా ఈడు పెట్టె తగలెట్టీసినాడు. ముందు ఆ పిల్ల మనువు సంగతి తేల్చండి, మా పిల్ల మనువు తరవాత!"

రూతు నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. అయ్యగారు గొంతు సవరించుకున్నారు.

"మామ్మగారూ, అది బుధవారం మళ్లీ వేస్తారట. ఆలోపు యోనా పెట్టె బాగుచేయిస్తాడు. అభ్యంతరం తీరినట్టేనా?"

"తీరింది. స్తోత్రం!" అని కూర్చుంది మామ్మ.

"బుధవారం ప్రార్థన కూడిక గురువారానికి మార్చాం," అన్నారు మావయ్యగారు, తల ఎత్తకుండానే.

ఆ తార గుట్టు సంగతేమో గానీ, మా వీధి గుట్టు మాత్రం ఆ రోజుతో బయటపడింది. నా పెళ్లి నిలిచింది. ఆ మూడో ప్రకటన సాక్షిగా, మా మామ్మ కర్ర సాక్షిగా, ఆనాడే ఒక నిర్ణయం తీసుకున్నాను. ఈ కట్టె కాలేదాకా, నెత్తి మీద కొబ్బరికాయ కాదు, కొబ్బరిచెట్టు పడినా సరే, కార్యక్రమం అయ్యేదాకా చానెల్ మార్చను.