మూఢంలో చదివింపులు

మూఢం కాబట్టి మదనపల్లెలో ఆ కల్యాణ మండపం మాకు చవగ్గా దొరికింది. పెళ్ళిళ్ళు లేని రోజులు. మధ్యాహ్నం రెండు గంటల డాన్సుకు ముహూర్తం ఎవరు చూస్తారు? రెండువేల సంవత్సరం దాటి రెండు మూడేళ్ళయింది. నేను కుప్పంలో ఎం.ఏ. చదువుతున్నాను. నా క్లాస్‌మేట్ ఒకడు, కోలారు వైపు వాడు, హాస్టల్ గదిలో కంప్యూటర్ మీద ఎలక్ట్రానిక్ సంగీతం తయారు చేసేవాడు. పల్లవి ఉండదు, చరణం ఉండదు, గుండెల మీద గుద్దినట్టు ఒకటే దరువు. అది వింటే నా కాళ్ళు ఊరుకునేవి కావు. ఆ దరువుతోనే తాండాల్లో ఉండే సుగాలీల భూమి కేసులకు డబ్బు పోగుచేద్దామన్న ఆలోచన నాది.

ఆ ఆలోచన వెనక ఉన్న సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. మాది తంబళ్లపల్లె దగ్గర మెట్ట పల్లె. మా ఊరి పక్క తాండాలో ఒకామెకు ప్రభుత్వం ఎప్పుడో మూడెకరాలకు పట్టా ఇచ్చింది. తొంభైల్లో వరసగా వానలు లేకపోయేసరికి ఆమె బెంగళూరుకు ఇళ్ళు కట్టే బేల్దారి పనికి పోయింది. తిరిగొచ్చి చూస్తే ఆ మూడెకరాల్లో మా నాయన బోరు వేసి టమోటా పెట్టి ఉన్నాడు. బీడు పడకుండా చూస్తున్నానన్నాడు. ఆ చూడ్డం ఏళ్ళ తరబడి సాగింది. ఎవరు సాగు చేస్తున్నారో రాసే అడంగల్‌లో కూడా ఆయన పేరే ఎక్కింది. మేము సాయం చేయదలచిన కేసుల్లో మొదటిది ఆమెది, అంటే మా నాయన మీద. ఆయనకు ఇంకా నోటీసు రాలేదు. ఆ టమోటా డబ్బుతోనే నా చదువు నడుస్తోంది.

ఆ పొద్దున కుప్పంలో బస్సెక్కినప్పటి నుంచి నాకు స్థిమితం లేదు. కంప్యూటర్‌ను దుప్పట్లో చుట్టి ఒడిలో పెట్టుకుని నా క్లాస్‌మేట్ గంగవరం దాకా హాయిగా నిద్రపోయాడు. పుంగనూరులో బస్సు ఆగితే దిగాను, టీ కొన్నాను, తాగకుండా పారబోసి మళ్ళీ ఎక్కాను. నాయనకు ముందే చెప్పేయాలా, ఊరుకోవాలా? చెబితే ఇంట్లో రచ్చ. ఊరుకుంటే ఏ మొహం పెట్టుకుని తాండా ఆమె ముందు నిలబడాలి?

మండపంలో మా టికెట్లు కొనే నాథుడు లేడు. డబ్బిచ్చి పట్టపగలు గంతులేయడమేమిటని జనం గుమ్మం దగ్గరే నిలబడి చూశారు. మండపం మేనేజరు అలవాటు కొద్దీ నోటుబుక్కు తీసి బల్ల ముందు కూర్చున్నాడు. వచ్చినవాళ్ళు కూడా అలవాటు కొద్దీ పేరు చెప్పి, నోటు చేతిలో పెట్టి, ఆ పేరు మైకులో వినబడేదాకా కదలకుండా నిలబడ్డారు, అచ్చం పెళ్ళిలో చదివింపుల్లాగే. ఇక చేసేదేముంది, మైకు నేనే పట్టుకున్నాను. నేను పేరు చదివేటప్పుడు నా క్లాస్‌మేట్ దరువు తగ్గించేవాడు, చదవగానే పెంచేవాడు. ఒక బట్టల కొట్టాయన తన పేరు సరిగా వినబడలేదని రెండోసారి చదివించుకున్నాడు. కాలేజీ పిల్లలు మాత్రం ఇవేవీ పట్టకుండా మంగలంలో పేలాల్లా ఎగురుతున్నారు.

తాండా ఆమె స్తంభానికి ఆనుకుని కూర్చుంది. మేమే రమ్మన్నాం. ఎట్లా ఉందని అడిగితే, "బాగానే ఉండాది. ఎప్పుడు నిలిపేస్తారు?" అంది.

మూడు దాటాక మా నాయన వచ్చాడు. టమోటాలు మార్కెట్లో వేసి, కూతురు ఫంక్షన్ చేస్తోందట చూద్దామని వచ్చాడు. ఆయన స్తంభం దగ్గరున్న ఆమెను చూసి, ఊళ్ళో ఎదురుపడ్డప్పటిలాగే తలాడించాడు. బల్ల దగ్గర డబ్బు కట్టి నా దగ్గరికొచ్చాడు.

"పాపం, గిరిజనులకే గదమ్మా. నా పేరు గూడా సదువు. వెయ్యిన్నూట పదార్లు."

ఆ పాపం అన్న మాటకు నాకు ఒళ్ళు మండింది. దరువు తగ్గింది. ఆయన పేరు చదివాను, ఊరి పేరు చదివాను. వెయ్యిన్నూట పదహార్లు అనాల్సిన చోట, "తాండా ఆమెకు మూడెకరాల భూమి" అన్నాను. ముందుగా అనుకుని అన్నది కాదు, అలాగని నోరు జారిందనీ చెప్పను. మైకులో చదివినదాన్ని నలుగురి ముందు కాదనడం మా వైపు పరువు తక్కువ. మేనేజరు రాసేశాడు. ఎవరో చప్పట్లు కూడా కొట్టారు. మా నాయన గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కుని వెళ్ళిపోయాడు.

గెలిచాననుకున్నాను. మైకు బల్ల మీద పెట్టి స్తంభం దగ్గరికి పోయాను. ఆమె లేచి నిలబడింది.

"నాది నాకు సదివిచ్చేదేందమ్మా?" అంది. గొంతు పెంచలేదు. "మీ నాయన ఇచ్చినాడని తీసుకుంటే, అది మీదేనని నేను ఒప్పుకున్నట్లే గదా. నేను ఆ సేను దున్నతాంటే నువ్వు సూసిండావు. ఆ గట్టు మీదే బడికి పోతాంటివి. ఊర్లో ఎవురూ సెప్పరు. నువ్వు ఆ మాట ఆపీసులో సెప్పు."

నాకు సిగ్గేసింది. అంతమందిలో మైకు పట్టుకుని అరవడం తేలికే. ఆమె అడిగినది చేయడానికి నాకు మూడు నెలలు పట్టింది. హాస్టల్లో పుస్తకం తెరిచినా అక్షరం తలకెక్కేది కాదు. సెలవులున్నా ఇంటికి పోలేదు. నన్ను పెంచినవాడి మీద సాక్ష్యం చెప్పాలంటే భయమేసింది. ఆ భయం మీదే మళ్ళీ కోపం వచ్చేది.

చివరికి విచారణ రోజు తంబళ్లపల్లె మండల రెవెన్యూ ఆఫీసుకు వెళ్ళాను. మా నాయన ఎదురు బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. ఆమె సాగు చేస్తుండగా చూశావా అని అధికారి అడిగాడు. చూశానన్నాను. ఎన్నాళ్ళన్నాడు. నేను ఆరో తరగతికి వచ్చేదాకా అన్నాను. రాసుకుని సంతకం పెట్టించుకున్నాడు. ఆ తర్వాత ఇంకో రెండేళ్ళు తిరిగితే గానీ ఆమె చేను ఆమెకు రాలేదు.

సాక్ష్యం చెప్పిన ఆ సాయంత్రం మా ఊరికి ఉన్నది ఒక్కటే బస్సు. ఇద్దరం అదే ఎక్కాం. లేచిపోతాడేమోనని భయపడుతూనే ఆయన పక్కన కూర్చున్నాను. లేవలేదు. కండక్టర్ వచ్చి, "ఇద్దరికీనా?" అని అడిగాడు.

మా నాయన కిటికీ వైపు చూస్తూ, "ఒకటియ్యప్పా" అన్నాడు.