చెయ్యెత్తని హెలెన్

ఇబ్రహీంపట్నం పైపుల ఫ్యాక్టరీ పింఛనుదార్లంతా ఏరికోరి హెలెన్‌ని పింఛను డబ్బు చూసే ట్రస్టులోకి పంపారు. ఆదివారం చర్చిలో తడబడకుండా వాక్యం చదివే మనిషి ఆఫీసర్ల ముందు కూడా తడబడదని వాళ్ల నమ్మకం. పైపుల్లోకి నీళ్లు పట్టి లీకులు చూసే పని చేసి ఆమె అక్కడే రిటైరైంది.

ఆ పింఛను ఊరికే వచ్చింది కాదు. ఒకప్పటి సమ్మెలో జీతాల పెంపు సగానికి తగ్గించుకుని, మిగతా సగం పింఛను ఫండులో వెయ్యమని కార్మికులే ఒప్పుకున్నారు. అప్పుడు యూనియన్ నడిపిన రత్తయ్య ఇల్లిల్లూ తిరిగి నచ్చజెప్పాడు. పిల్లల ఫీజులకు చాలడం లేదని గొణిగిన హెలెన్‌ని కూడా అతనే ఒప్పించాడు.

యాజమాన్యం మారిన కొన్నాళ్లకు విజయవాడ ఆఫీసులో ట్రస్టు మీటింగు పెట్టారు. కంపెనీ తరఫున ముగ్గురు, కార్మికుల తరఫున హెలెన్, ఇంకా సర్వీసులోనే ఉన్న బాలశౌరి. ఇకమీదట కంపెనీ ఫండులో వేసేది నామమాత్రమేననీ, అంచేత పింఛన్లు సగం చెయ్యాలనీ ఛైర్మన్ ఉదయభాస్కర్ ఎంతో మర్యాదగా చెప్పాడు.

"కంపెనీకి నష్టాలొచ్చాయా అండీ?" అని అడిగింది హెలెన్.

"లేదమ్మా, లాభాల్లోనే ఉన్నాం. కొత్త ప్లాంటు పెడుతున్నాం కదా, డబ్బు అక్కడ కావాలి."

"మరి మా సంగతి?"

ఆయన ఫైలు మూసి, ఒప్పుకునేవాళ్లు చేతులెత్తమన్నాడు. హెలెన్ తప్ప అందరూ ఎత్తారు. బాలశౌరి కూడా ఎత్తాడు, ఆమె వైపు మాత్రం చూడలేకపోయాడు.

పింఛను సగమై వచ్చిన నెల అందరూ ఆమె మీద పడ్డారు. లోపల కూర్చుని ఏం చేశావని నిలదీశారు. అమ్ముడుపోయిందని అన్నవాళ్లూ ఉన్నారు.

అందరికన్నా ఎక్కువ దెబ్బ తిన్నది రత్తయ్య. అతని భార్య దానమ్మ పక్షవాతంతో మంచంలో ఉంది. ఆమెను చూసుకునే ఆయాని మాన్పించి, డెబ్భై దాటిన వయసులో అతను గొల్లపూడిలో ఒక అపార్టుమెంటుకి పగటి వాచ్‌మన్‌గా చేరాడు. పొద్దున్నే భార్యకు తినిపించి, మంచం పక్కన నీళ్ల చెంబు పెట్టి, తలుపు దగ్గరగా వేసి వెళ్లేవాడు. మధ్యాహ్నాలు హెలెన్ వెళ్లి చూసి వచ్చేది. పింఛను కోత మీద కోర్టుకెళ్లే దారి అడగడానికి, లాయరు శాంభవి దగ్గరికి ఆమె విజయవాడ వెళ్లిన రోజునే దానమ్మ నీళ్లు అందుకోబోయి మంచం మీంచి పడింది. సాయంత్రం భర్త వచ్చేదాకా నేల మీదే ఉంది. తుంటి విరిగింది. నెల తిరక్కుండానే పోయింది.

సమాధుల దగ్గర రత్తయ్య హెలెన్‌తో మాట్లాడలేదు. ఆ రోజు విజయవాడ వెళ్లకుండా ఉండాల్సిందన్న ఆలోచన ఆమెను ముద్ద మింగనివ్వలేదు.

కేసు వెయ్యాలంటే పింఛనుదార్లు ఇంకెవరైనా కలిసి రావాలంది శాంభవి. హెలెన్ కంకిపాడు దాకా తిరిగింది. కోర్టుకెళితే ఉన్న సగం కూడా ఊడుతుందని ఎవరో అప్పటికే పుకారు పుట్టించారు. నీకు దణ్ణం పెడతాం, మా జోలికి రావద్దని తలుపులేసుకున్నారు. చివరికి గొల్లపూడిలో రత్తయ్య కుర్చీ ముందు నిలబడింది.

"కేసుకి మనిషి కావాలంటగా?" అన్నాడతను.

"అవును బాబాయ్."

"నా పేరు రాయించు. పిల్లల నోటికాడది తీసి ఫండులో వెయ్యమని మీ అందరికీ చెప్పింది నేనేగా. అప్పుడు మీ పిన్ని ఎంత ఏడ్చిందో నీకు తెలీదు."

తీర్పు వచ్చేదాకా పింఛను ఇంకా తగ్గించకూడదని కోర్టు చెప్పింది. పోయిన సగం సంగతి మాత్రం తేల్చలేదు. కంపెనీ లాయర్లు వాయిదా మీద వాయిదా అడుగుతూ వచ్చారు. ఈలోగా కొత్త ప్లాంటు ప్రారంభోత్సవం కూడా అయిపోయింది.

మొన్నటి వాయిదా తర్వాత బస్సు కోసం నిలబడి ఉండగా రత్తయ్య అన్నాడు: "ఈ తీర్పు నేను చూడనమ్మాయ్. నా తర్వాత కేసులో ఎవరుంటారో ఇప్పుడే వెతుక్కో."

హెలెన్ చెయ్యి పట్టుకుని అతన్ని బస్సెక్కించింది. మర్నాడు చల్లపల్లిలో స్థిరపడ్డ కిరీటి అనే పాత ఫిట్టరును అడగడానికి బయల్దేరింది. వస్తాడన్న ఆశ పెద్దగా లేదు.